టూర్ మేనేజరు: యాత్ర వెంట వెళ్లే ఉద్యోగి

2023 మార్చి 18న సికింద్రాబాద్‌లో బయల్దేరిన పుణ్యక్షేత్ర యాత్ర రైలు, తెలుగు రాష్ట్రాల నుంచి నడిచిన మొదటి భారత్ గౌరవ్ పర్యాటక రైలు. పూరి, కోణార్క్, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ చూపించి తొమ్మిదో రోజుకు వెనక్కి తీసుకొచ్చే ఏర్పాటు అది. కాజీపేట, ఖమ్మం, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, పెందుర్తి, విజయనగరం స్టేషన్లలో కూడా యాత్రికులు ఎక్కేందుకు వీలిచ్చారు. ఈ రైళ్లు నడిపే ఐఆర్‌సీటీసీ, ప్యాకేజీలో కలిసి ఉన్నవేవో కలవనివేవో రెండు జాబితాలుగా రాసి ఇస్తుంది. రైలు బెర్తు, బస, ఊళ్లలో తిరగడానికి బస్సు, టీ టిఫిన్లు, రెండుపూటలా శాకాహార భోజనం, ప్రయాణ బీమా మొదటి జాబితాలో ఉంటాయి. వాటి మధ్యనే, చాలామంది చదవకుండా దాటిపోయే పంక్తి ఒకటుంటుంది: ప్రయాణమంతా వెంట ఉండే టూర్ మేనేజర్లు, ఎస్కార్టుల సేవలు. ఆ పంక్తిలోని మనిషే ఈ వ్యాసానికి విషయం.

యాత్రలు అమ్మే సంస్థ తరఫున యాత్రికుల వెంట నడిచే ఉద్యోగి, లేదా వాళ్లు బస చేసే ఊళ్లో ముందుగానే ఉండి వాళ్లను అందుకునే ఉద్యోగి టూర్ మేనేజరు. ఇంగ్లండు, జర్మనీ వంటి దేశాల్లో రెండో రకం ఎక్కువ. స్పెయిన్, గ్రీసు తీరాల హోటళ్ల దగ్గర వేసవి అంతా మకాం వేసి ఉండే ఆ ఉద్యోగిని హాలిడే రిప్రజెంటేటివ్ అంటారు, పొట్టిగా రెప్. మన దగ్గర యాత్ర అంటే రోజుకో ఊరు. గుంపు కదులుతూనే ఉంటుంది కాబట్టి ఉద్యోగి కూడా దాని వెంట కదులుతాడు. నియామక పత్రంలో మేనేజర్ అని ఉన్నా, ఎస్కార్ట్ అని ఉన్నా, కోఆర్డినేటర్ అని ఉన్నా గోదావరి జిల్లాల యాత్రికుల నోట మాత్రం "మేనేజరుగారండీ" అన్న పిలుపే.

గైడు వేరు, మేనేజరు వేరు. గైడు ఒక గుడి గురించో కోట గురించో చెప్పి, తన డబ్బులు తీసుకుని అక్కడితో సెలవు తీసుకుంటాడు. మేనేజరు చరిత్ర చెప్పకపోయినా ఫరవాలేదు, మనుషుల లెక్క మాత్రం తప్పకూడదు. భారత్ గౌరవ్ ప్యాకేజీల్లో ఎస్కార్టు ఖర్చు టికెట్లోనే కలిసి ఉంటుంది. గైడుకు ఇచ్చేది, ప్రవేశ రుసుములు, పడవ షికారు డబ్బులు యాత్రికుడే పెట్టుకోవాలి. యాత్ర మొదలైన రెండో రోజున వచ్చే తగువుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది. "అన్నీ కలిపే కదండీ కట్టాం" అని యాత్రికుడు అంటాడు. కలవని వాటి జాబితాను టికెట్టు అమ్మిన రోజునే ఎవరైనా విప్పి చెప్పి ఉంటే ఆ మాట రాదు. అమ్మినవాడు ఆఫీసులో ఉంటాడు, సమాధానం చెప్పాల్సినవాడు కోణార్క్ ఎండలో నిలబడి ఉంటాడు.

సామర్లకోటలో ఎక్కేవాళ్లు

సామర్లకోట జంక్షను చెన్నై–హౌరా ప్రధాన మార్గంలో ఉంది. కాకినాడకు వెళ్లే రైలు దారి ఇక్కడే చీలుతుంది. ప్రధాన మార్గంలో పోయే రైళ్లు చాలావరకు కాకినాడ ఊళ్లోకి వెళ్లవు కాబట్టి కాకినాడ, పెద్దాపురం చుట్టుపక్కల వాళ్లు దూరప్రయాణాలకు వచ్చి ఎక్కే స్టేషను ఇదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఊరు కాకినాడ జిల్లాలో చేరింది. పటాల్లో, రైల్వే బోర్డుల్లో ఇంగ్లీషులో సామల్‌కోట్ అని ఉండడం వల్ల, ఉత్తరాది నుంచి ఫోన్ చేసే కాల్ సెంటరు ఉద్యోగి పలికే పేరు పెద్దవాళ్లకు ఒక్కోసారి అర్థం కాదు. ఆ సంగతి ముందే తెలిసి ఉండటం కూడా ఇక్కడి మేనేజరు పనిలో భాగం.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయల్దేరే యాత్రా రైలు ఇక్కడికి చేరేసరికి రాత్రి అవుతుంది. రైలు ఆగేది కొద్ది నిమిషాలు. ఆ కాస్త సమయంలో ప్లాట్‌ఫారం మీద సంచులు, మందుల డబ్బాలు, పచ్చడి సీసాలు పట్టుకుని ఉన్న కుటుంబాలను పేర్ల జాబితాతో సరిచూసి, వాళ్ల వాళ్ల పెట్టెల్లోకి ఎక్కించాలి. యాత్రికుల్లో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, పిల్లలు విదేశాల్లో ఉన్న దంపతులు, ఒంటరిగా బయల్దేరిన పెద్దావిడలు. వాళ్ల వెంట ప్లాట్‌ఫారం దాకా వచ్చిన కొడుకో మేనల్లుడో మేనేజరు చేతిలో చెయ్యివేసి చెప్పేది దాదాపు ఒకే మాట: "మా అమ్మగారికి సుగరండీ, కాస్త చూసుకోండి బాబూ." ఆ క్షణం నుంచి ఆ సంస్థ అంటే ఆ కుటుంబానికి ఈ మనిషే. ప్రకటనలో బొమ్మలు, వెబ్‌సైటులో నక్షత్రాలు ఇక లెక్కలోకి రావు.

ఎక్కగానే వచ్చే మొదటి వ్యవహారం కింద బెర్తు. స్లీపరులోనూ మూడో తరగతి ఏసీలోనూ కింద బెర్తులు ఎనిమిదింట మూడు మించవు, మోకాళ్ల నొప్పులు మాత్రం అందరికీ ఉంటాయి. వయసు, ఆపరేషన్లు, గర్భిణులు, దంపతులు విడిపోకుండా ఉండటం, ఇవన్నీ చూసి రాత్రికి రాత్రి సర్దాలి. అనుభవం ఉన్న మేనేజరు ఈ సర్దుబాటును రైలెక్కకముందే, ఫోన్లలోనే సగం పూర్తి చేసుకుంటాడు. ఆ ఫోన్లలోనే ఇంకో మూడు సంగతులు అడిగి రాసుకుంటాడు: రోజూ వేసుకునే మందులు, ఇంటి దగ్గర ఎవరికి చెప్పాలి, గయలో పిండప్రదానం ఉందా.

మూడోది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ గయ రోజు మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. పిండప్రదానం చేసేవాళ్లకు ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటం కలిసి కొన్ని గంటలు పడుతుంది. చేయనివాళ్లు బుద్ధగయ చూడాలంటారు. రెండు గుంపులను విడదీసి, రెండు బస్సులను రెండు వేళలకు పంపి, సాయంత్రం మళ్లీ ఒకే రైలు దగ్గర కలపాలి. కాశీలో కష్టం ఇంకో రకం. ఘాట్ల దగ్గరి సందుల్లోకి బస్సు పోదు. ఆటోలో కొంత, నడిచి కొంత. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కేదారఘాట్, మానససరోవర్ ఘాట్ ప్రాంతంలో తప్పిపోయినా తెలుగు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. విశ్వనాథుడి గుడి వైపు తప్పిపోతే అంత సులువు కాదు. అందుకే మెడలో వేసుకునే గుర్తింపు కార్డు మీద మేనేజరు ఫోన్ నంబరు హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో ఉండటం అవసరం. ఖర్చు లేని ఈ పని చేయని సంస్థను ఎంచుకోకపోవడం మంచిది.

పండా, గురుస్వామి, థామస్ కుక్

ఈ ఉద్యోగం చరిత్రను ప్రపంచమంతా 1841 జులై 5 నుంచి మొదలుపెడుతుంది. ఆ రోజున థామస్ కుక్ అనే మద్యపాన నిషేధ ప్రచారకుడు ఇంగ్లండులోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు. టికెట్టు అమ్మి ఊరుకోకుండా తానే వెంట వెళ్లడం అతని పద్ధతి. తరువాత అతని సంస్థ ఖండాంతరాలకు పాకింది. 1886లో భారత ప్రభుత్వం హజ్ యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లను కూడా ఆ సంస్థకే అప్పగించింది. కొన్నేళ్ల తరువాత ఆ ఒప్పందం ముగిసింది.

తెలుగువాళ్ల దగ్గర ఈ పని అంతకన్నా పాతది. పేరు మాత్రం వేరు. కాశీ, గయ, ప్రయాగల్లో పండాలు తమ యజమానుల వంశాల వివరాలు బహీలనే పుస్తకాల్లో రాసి ఉంచుకునేవాళ్లు. తాత ఏ సంవత్సరం వచ్చాడో, ఎవరి పేర పిండం పెట్టాడో మనవడికి చూపించేవాళ్లు. బస, వంట, పూజ, అప్పు కూడా వాళ్ల దగ్గరే దొరికేవి. పూరీ పండాల మనుషులైతే ఊరూరా తిరిగి యాత్రికులను పోగుచేసి వెంటబెట్టుకుని తీసుకెళ్లేవాళ్లు. 1872లో ఒరిస్సా మీద పుస్తకం ప్రచురించిన విలియం హంటర్ ఈ పద్ధతిని వివరంగా రాశాడు. వాళ్లకు రాబడి యాత్రికులు ఇచ్చే దక్షిణల మీదే కాబట్టి, యాత్రికుడి మేలు, పండా మేలు అన్నిసార్లూ ఒకటి కాలేదు. నేటి కమీషన్ల తగువుకు అది తొలి రూపం.

ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్లగలిగినవాళ్లూ ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. దారిలో మజిలీల మధ్య దూరం ఎంత, ఏ ఊళ్లో దినుసులు దొరుకుతాయి, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ సుంకం అడుగుతారు అని రోజూ రాసుకున్నాడు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. సాహిత్య చరిత్రల్లో దాన్ని తెలుగు యాత్రారచనకు ఆదిగ్రంథంగా చెబుతారు. ఈ వ్యాసం కోణం నుంచి చూస్తే అది వందమంది బాధ్యత నెత్తిన వేసుకున్న మనిషి రోజువారీ రికార్డు కూడా. ఈనాటి టూర్ మేనేజర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు దాన్ని పాఠ్యంగా పెట్టవచ్చు.

గోదావరి రైలు వంతెన 1900లో తెరుచుకున్నాక తీరమార్గంలో ప్రయాణం మారిపోయింది. నెలల యాత్ర రోజులకు దిగింది. దాంతో పాటే మార్గం చూపేవాడి అవసరం తగ్గి, ఏర్పాట్లు చేసేవాడి అవసరం పెరిగింది. ఆ మార్పులో పుట్టినవాడే మన బస్సు యాత్రల నిర్వాహకుడు. పల్లెలో నలభై, యాభై మందిని కూడగట్టి, బస్సు మాట్లాడి, వంటవాళ్లను, గిన్నెలను, బియ్యం బస్తాలను వెంట తీసుకెళ్లి, దారిలో చెట్టుకింద పొయ్యి పెట్టించి వేడి అన్నం వడ్డించే ఆ పద్ధతి కోస్తా జిల్లాల్లో నేటికీ నడుస్తోంది. ఉత్తరాది రొట్టె పడని యాత్రికులకు అది పెద్ద ఊరట. శబరిమల యాత్రలో ఈ బాధ్యత గురుస్వామిది. మాల వేయించడం, ఇరుముడి కట్టించడంతో పాటు బస్సు మాట్లాడటం, కన్నెస్వాముల మీద కన్నేసి ఉంచడం కూడా ఆయన పనే. సంస్థ లేదు, జీతం లేదు, కానీ గుంపులో ఆయన మాటకు ఉన్న అధికారం జీతం తీసుకునే మేనేజరుకు దొరకదు.

ఆధునిక సెలవు ప్యాకేజీ మాత్రం యూరప్‌లోనే రూపు దిద్దుకుంది. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ లండన్ నుంచి కోర్సికా దీవికి విమానం, గుడారంలో బస, భోజనం కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులకు అమ్మాడు. తరువాతి దశాబ్దాల్లో లక్షలాది కార్మిక కుటుంబాలు మధ్యధరా తీరాలకు సెలవుకు వెళ్లడం మొదలైంది. ప్రతి హోటలు దగ్గర యూనిఫాం వేసుకున్న రెప్ ఒకరు తప్పనిసరి అయ్యారు. విమానాశ్రయంలో అందుకోవడం, మర్నాడు పొద్దున పరిచయ సమావేశం, గది బాగోకపోతే మార్పించడం, జబ్బు చేస్తే ఆసుపత్రికి వెంట వెళ్లడం, తిరుగు విమానం ఎక్కించడం వాళ్ల పనులు. చుట్టుపక్కల విహారాలు అమ్మి కమీషను సంపాదించుకోవడం మరో పని. జీతం తక్కువ, బస ఉచితం, సీజను మే నుంచి అక్టోబరు దాకా.

ఒక్క రోజులో అయిదు గుళ్లు

సామర్లకోట యాత్రికులను పంపే ఊరు మాత్రమే కాదు, యాత్రికులు వచ్చే ఊరు కూడా. పంచారామాల్లో ఒకటైన కుమారారామం ఇక్కడిదే. తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు (892–921) కట్టించిన ఈ భీమేశ్వరాలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గర్భగుడి రెండంతస్తులు. సుమారు పద్నాలుగు అడుగుల శివలింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, అభిషేకం పైనే. కింద దర్శనం చేసుకుని, మెట్లెక్కి పైకి వెళ్లాలి.

కార్తీకమాసంలో ఆర్టీసీ అనేక ఊళ్ల నుంచి పంచారామాలకు ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ప్రైవేటు సంస్థలూ నడుపుతాయి. అమరావతిలో అమరలింగేశ్వరుడు, భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు, పాలకొల్లులో క్షీరా రామలింగేశ్వరుడు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, చివరగా సామర్లకోట. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు సాధారణంగా ఇదే వరుస. అయిదింటినీ ఒక్క రోజులో చూడాలన్న పట్టుదల భక్తులది, ఆ పట్టుదలను టికెట్టుగా మార్చింది సంస్థలు.

ఒక రోజు యాత్ర కాబట్టి తేలికనుకుంటే పొరపాటు. మేనేజరు పనితనం బయటపడేది ఇక్కడే. కార్తీక సోమవారం అమరావతిలో వరుస గంట ఎక్కువైతే, ఆ గంట భీమవరంలో తీరదు, పాలకొల్లులో తీరదు. ఒక్కో గుడి దగ్గర ఇంకొంచెం చేరి, మొత్తం భారం చివరి గుడి మీద పడుతుంది. తలుపులు వేసే వేళకు సామర్లకోట చేరిన బస్సులో అలసిన పెద్దవాళ్లుంటారు, వాళ్లు ఇంకా మెట్లెక్కాలి. బాగా తెలిసిన మేనేజరు పాలకొల్లు దగ్గరే లెక్క వేసుకుంటాడు: భోజనం బస్సులోనే పెట్టాలా, ద్రాక్షారామంలో మాణిక్యాంబ దర్శనానికి ఎంత సమయం ఇవ్వాలి, సామర్లకోట గుడివాళ్లకు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాలా అని. తెలియనివాడు డ్రైవరును తొందరపెడతాడు. గోదావరి జిల్లాల కాలవగట్టు రోడ్ల మీద చీకట్లో అది చేయకూడని పని. ఆర్టీసీ బస్సుల్లో చాలాసార్లు వేరే మేనేజరు ఉండడు, ఈ లెక్కలన్నీ సిబ్బంది మీదే పడతాయి. వాళ్ల ఓర్పుకు తగిన గుర్తింపు రాలేదు.

ఇదే యాత్రను రెండు రోజులకు విడగొట్టి, రాత్రి బస భీమవరంలోనో కాకినాడలోనో పెట్టి, పిఠాపురం పాదగయను, అన్నవరాన్ని కలిపి అమ్మితే అందరికీ మేలు. అయితే ధర పెరుగుతుంది, ఒక్క రోజులో అన్న ఆకర్షణ పోతుంది. సంస్థ ధర చూస్తుంది, మేనేజరు మోకాళ్లు చూస్తాడు. ఈ రెండు చూపులూ ప్రణాళిక వేసే బల్ల దగ్గర కలవాలి. ఎక్కువ సంస్థల్లో ఆ బల్ల దగ్గరికి మేనేజరును పిలవరు.

వద్దని చెప్పగల అధికారం

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో వరద ఉధృతంగా ఉంది. పాపికొండల విహారానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ పున్నమి బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. బోటులో 77 మంది ఉన్నట్టు లెక్క తేలింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. హైదరాబాద్, వరంగల్, విశాఖపట్నం నుంచి సెలవురోజు సరదాగా గడపడానికి వచ్చిన కుటుంబాలవి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును బయటికి తీసింది. తరువాత ప్రభుత్వం బోట్లు తిరిగే చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించింది, తనిఖీలు పెరిగాయి.

ఈ దుర్ఘటనను బోటు, సరంగు, అనుమతుల వ్యవహారంగానే చూస్తే ఒక పొర కనిపించకుండా పోతుంది. ఆ రోజున బోటెక్కిన ప్రతి గుంపుకూ ఎక్కడో ఒక టికెట్టు అమ్మినవాడున్నాడు. వరద ఉన్న రోజున యాత్ర మానేస్తే డబ్బు తిరిగి ఇవ్వాలి, భోజనాలు వృథా, వ్యాన్లు ఖాళీ. ఆ నష్టం ఎవరు భరిస్తారన్నది ముందే రాసి లేకపోతే, రేవు దగ్గర నిలబడి "ఇవాళ వద్దు" అనగలిగేవాడు ఉండడు. యాత్రికుల వెంట ఉన్న ఉద్యోగికి ఆ మాట అనే అధికారం, అన్నందుకు ఉద్యోగం పోదన్న హామీ, రెండూ కాగితం మీద ఉండాలి.

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో జరిగిందీ ఇలాంటిదే. లార్జీ జలాశయం నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడూ వాళ్లతోనే పోయాడు. కొత్త ప్రాంతంలో నది స్వభావం పిల్లలకు తెలియదు, తెలిసి ఉండాల్సింది దారి చూపేవాడికి. తెలియనప్పుడు స్థానికులను అడిగే అలవాటు అతని శిక్షణలో భాగం కావాలి, నీటి దగ్గరికి వెళ్లొద్దని అనగలగాలి.

నిప్పు విషయం కూడా చెప్పుకోవాలి. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న ఒక యాత్రా రైలు పెట్టెలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. లక్నో నుంచి వచ్చిన గుంపు అది. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చిన వంటగ్యాసు సిలిండరు కారణమని రైల్వే ప్రకటించింది. వంటవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే తెలుగు యాత్రలకు ఇది నేరుగా తగిలే సంగతి. మన బస్సుల డిక్కీలోనూ సిలిండర్లు ఉంటాయి. తెల్లవారుజామున వేడి కాఫీ ఇవ్వాలన్న మంచి ఉద్దేశమే మదురైలో ప్రాణాల మీదికి తెచ్చింది. అదే సంవత్సరం నవంబరు చివర చెన్నై నుంచి పాలితానాకు వెళుతున్న భారత్ గౌరవ్ రైల్లో పదుల సంఖ్యలో యాత్రికులకు ఆహారం కలుషితమై వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పుణె స్టేషన్లో చికిత్స చేయాల్సి వచ్చింది. ఎవరు వండారు, ఎప్పుడు వండారు, ఎంతసేపు నిలవ ఉంది అన్న మూడు ప్రశ్నలు వడ్డనకు ముందు అడగడం మేనేజరు పని.

విపత్తులన్నీ ఇలా అరికట్టగలిగేవే కావు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లోనూ, 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కాశీలోనూ తెలుగు యాత్రికులు చిక్కుకుపోయారు. కాశీలో ఉన్నవాళ్లు ఏప్రిల్‌లో ప్రత్యేక బస్సుల్లో ఇళ్లకు చేరారు. అటువంటి వారాల్లో మేనేజరు చేసేది మూడే పనులు: బస పోకుండా చూడటం, మందులు తెప్పించడం, ఇళ్లకు రోజూ కబురు చెప్పడం. ఆ మూడు చేయగలిగితే చాలు.

జీతం, కమీషను, చదువు

తెలుగు సంస్థల్లో చాలామంది మేనేజర్లు నెల జీతం మీద ఉండరు. యాత్రకు ఇంత, లేదా రోజుకు ఇంత. కార్తీకం, శబరిమల సీజను, వేసవి చార్‌ధామ్, దసరా సెలవులు పనిరోజులు. ఆషాఢంలో, వర్షాల్లో చేతిలో పని ఉండదు. మిగిలిన రాబడి యాత్రికులు చివరి రోజున ఇచ్చే టిప్పుల నుంచి, దుకాణాల కమీషన్ల నుంచి వస్తుంది. బనారసు చీరల దుకాణం ముందు బస్సు గంటన్నర ఆగి, సారనాథ్‌కు అరగంట మిగలడానికి కారణం ఇదే. కమీషను ఇచ్చేవాడి దగ్గరికి గుంపును తీసుకెళ్లే అలవాటు మధ్యధరా తీరంలోనూ ఉంది, కాశీలోనూ ఉంది. తగినంత జీతం ఇచ్చి, దుకాణాల దగ్గర ఆగే సమయాన్ని ముందే కార్యక్రమంలో రాయించే సంస్థల్లో ఈ తగువు తగ్గుతుంది. ఉద్యోగి నీతి మీదే అంతా వదిలేయడం న్యాయం కాదు.

చదువు సౌకర్యాలు ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ 1983లో మొదలుపెట్టిన, ఇప్పుడు గ్వాలియర్ కేంద్రంగా ఉన్న పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థకు నెల్లూరులో శాఖ ఉంది. టూరిజం నైపుణ్య మండలి టూర్ ఎస్కార్టు ఉద్యోగానికి ప్రమాణాలు రాసింది. 2020లో పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో పర్యాటక సహాయకుల కోర్సు మొదలుపెట్టింది. అయినా గోదావరి జిల్లాల్లో ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా డ్రైవరు పని నుంచో, ట్రావెల్స్ ఆఫీసు గుమాస్తా పని నుంచో, వంటబృందం నుంచో వస్తారు. వాళ్లకు దారి తెలుసు, మనుషులు తెలుసు. వాళ్లు నేర్చుకోవాల్సినవి ప్రథమ చికిత్స, గుండెపోటు లక్షణాలు గుర్తుపట్టడం, పని జరిగేంత హిందీ, జరిగింది జరిగినట్టు ఆ రాత్రే రాసి పెట్టడం. చివరిది అన్నిటికన్నా తక్కువగా కనిపించే అలవాటు, ఫిర్యాదు వచ్చినప్పుడు ఉద్యోగిని కాపాడేదీ అదే.

హజ్ యాత్రలో ఇదే బాధ్యతకు ప్రభుత్వ రూపం ఉంది. రాష్ట్ర హజ్ కమిటీలు ప్రభుత్వ ఉద్యోగులను ఎంపిక చేసి యాత్రికుల వెంట పంపుతాయి. చాలాకాలం ఖాదిముల్ హుజ్జాజ్ అని పిలిచిన ఈ పదవికి ఇప్పుడు స్టేట్ హజ్ ఇన్‌స్పెక్టర్ అని పేరు. 2025లో సుమారు 150 మంది యాత్రికులకు ఒకరు చొప్పున లెక్క పెట్టారు. 2023లో విజయవాడలోనే విమానం ఎక్కే వీలు వచ్చాక కోస్తా జిల్లాల హాజీలకు ఈ ఉద్యోగితో పరిచయం బయల్దేరే చోటనే మొదలైంది. కైలాస మానససరోవర యాత్రలో ప్రతి జట్టు వెంటా విదేశాంగ శాఖ లైజన్ అధికారిని పంపుతుంది. ఇంతమందికి ఒకరు అన్న నిష్పత్తి రాసి ఉండటమే ఈ రెండు ఏర్పాట్ల బలం. ప్రైవేటు బస్సు యాత్రలకు అలాంటి నియమం లేదు.

ఇచ్చిన మాట తప్పినప్పుడు

యూరోపియన్ యూనియన్‌లో 2018 జులై 1 నుంచి అమలవుతున్న ప్యాకేజీ ప్రయాణాల చట్టం ప్రకారం హోటలు తప్పు చేసినా, బస్సువాడు తప్పు చేసినా జవాబు చెప్పాల్సింది ప్యాకేజీ అమ్మిన సంస్థే. కష్టంలో ఉన్న ప్రయాణికుడికి సాయం చేయడం కూడా దాని విధి. మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు గానీ, 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం పనికొస్తుంది. ఫిర్యాదును తాను నివసించే చోటనే వేసుకునే వీలు అందులో ఉంది. ఢిల్లీ సంస్థ దగ్గర కొన్న కాశ్మీరు యాత్ర చెడితే సామర్లకోట యాత్రికుడు కాకినాడ జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. అక్కడ పనికొచ్చే సాక్ష్యాలు ప్రకటన కాగితం, రసీదు, మేనేజరుతో నడిచిన వాట్సాప్ సందేశాలు.

ఆ వాట్సాపే ఇప్పుడు ఈ ఉద్యోగాన్ని మారుస్తోంది. యూరప్ సంస్థలు హోటళ్ల దగ్గర రెప్‌లను తగ్గించి, యాప్‌లో సందేశం పెడితే జవాబిచ్చే పద్ధతికి మళ్లాయి. 2019 సెప్టెంబరు 23న, కచ్చులూరు ప్రమాదం జరిగిన ఎనిమిదో రోజున, 178 ఏళ్ల థామస్ కుక్ సంస్థ మూతపడింది. సుమారు లక్షా యాభైవేల మంది బ్రిటిష్ ప్రయాణికులను అక్కడి ప్రభుత్వం ప్రత్యేక విమానాల్లో ఇళ్లకు చేర్చాల్సి వచ్చింది. (భారతదేశంలో అదే పేరుతో ఉన్న సంస్థ 2012 నుంచే వేరే యాజమాన్యంలో ఉంది.) తెలుగు యాత్రల్లో యాప్ మనిషి స్థానాన్ని తీసుకోలేదు. కింద బెర్తు అడిగే పెద్దావిడ యాప్ తెరవదు, "బాబూ" అని పిలుస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జులై 14న, గత పుష్కరాల తొలిరోజున, రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో కనీసం 27 మంది చనిపోయారు. ఈసారి కూడా తెలంగాణ, కర్ణాటక, ఒడిశా నుంచి బస్సులు, రైళ్లు, టూర్ ప్యాకేజీలు రాజమండ్రికి వస్తాయి. ఏ ఘాట్‌కు ఏ బస్సు, ఏ వేళకు, ఎంతమంది అన్నది పోలీసు కంట్రోల్ రూముకు ముందే చెప్పగలిగేది ఆ బస్సుల్లో ఉన్న మేనేజర్లే. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, గుంపుల పరిమాణం యంత్రాంగం ముందుగా నమోదు చేసుకుంటే, రద్దీ ఉన్న ఘాట్ నుంచి ఒక్క ఫోన్‌తో నలభై మందిని ఇంకో ఘాట్‌కు మళ్లించవచ్చు. కోటిలింగాల రేవు ఖాళీగా ఉందని చెప్పినా, ముహూర్తానికి పుష్కరఘాట్‌లోనే మునగాలని పట్టుబట్టే గుంపును ఒప్పించడం మాత్రం ఆ మేనేజరు చేతిలోనే ఉంటుంది.